వీణకూ ఓ స్టాకు నంబరు

ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అనగానే అందరికీ గుర్తొచ్చేది పాట, గజ్జెల చప్పుడు, వరండాలో విప్పిన చెప్పుల గుట్ట. ఆ వరండా చివర ఇనప బీరువాల మధ్య ఓ ఆఫీసు కూడా ఉండేదని చాలామందికి తట్టదు. ఓ సూపరింటెండెంటు, ఒకరిద్దరు అసిస్టెంట్లు, ఒక టైపిస్టు, అటెండర్లు. 1980లు, 90ల్లో ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు మాత్రమే తెలిసిన పనులు కొన్ని ఉన్నాయి. రెవెన్యూ ఆఫీసులో గానీ, మామూలు డిగ్రీ కాలేజీలో గానీ ముప్పై ఏళ్లు చేసినా అవి చేతికి రావు.

విజయనగరంలో 1919లో గానపాఠశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆ కుర్చీ ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వచ్చింది. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడ చదివినవాళ్లే. హైదరాబాదు రాంకోటి కాలేజీ 1952 నాటిది. ఇంత పెద్ద పేర్ల వెనక కూడా ఎవరో ఒకరు ఫీజు కట్టించుకుని, హాజరుపట్టీ గీసి, తెగిన తీగలకు ఇండెంటు, అంటే కావలసిన సరుకుల పట్టీ, రాసే ఉంటారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనపడవు. ఫరవాలేదు, గుమస్తా పేరు శిలాఫలకం ఎక్కాలని గుమస్తాకే ఉండదు.

మొదటి చిక్కు గడియారంతో. పిల్లల్లో ఎక్కువమంది పగలు బడికో కాలేజీకో వెళ్లేవాళ్లు, కాబట్టి తరగతులు పొద్దున్నే కాసేపు, మళ్లీ సాయంత్రం. ట్రెజరీ, బ్యాంకు మాత్రం మిగతా లోకంతో పాటే నడిచేవి. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. ఇన్నేళ్లలో ఏ పిల్లవాడి తండ్రీ మధ్యాహ్నం పన్నెండింటికి ఫీజు కట్టడానికి రాడు. సాయంత్రం ఆరింటికి, పాపను దింపడానికి వచ్చినప్పుడు జేబులోంచి తీస్తాడు. అప్పటికి బ్యాంకు మూసేసి ఉంటుంది. అందుకని సాయంత్రం వసూలైన డబ్బుకు అప్పుడే రశీదు రాసి, రోజువారీ వసూళ్ల రిజిస్టరులో ఎక్కించి, పెట్టెలో పెట్టి తాళం వేసి, మర్నాడు బ్యాంకు తెరవగానే చలానా కట్టాలి. శుక్రవారం సాయంత్రం వసూలైంది, అప్పట్లో బ్యాంకు పనిచేసే శనివారం సగం పూటలో కట్టకపోతే సోమవారం దాకా చేతిలోనే ఉండిపోయేది. ఆడిటువాళ్లు మొట్టమొదట పట్టుకునేది దాన్నే. రశీదు తేదీకీ చలానా తేదీకీ మధ్య ఎన్ని రోజులు నలిగిందో వేలితో లెక్కపెడతారు.

గదుల కేటాయింపు ప్రిన్సిపాలు గారి పనే. కానీ కాగితం మీద గీసేది అసిస్టెంటు. కొత్తగా వచ్చినవాడు గదులు ఎన్ని, తరగతులు ఎన్ని అని లెక్క చూసుకుని నింపేస్తాడు. మర్నాటికి స్టాఫ్ రూములో యుద్ధం. "ఏమయ్యా, ఆ డోలు నా గోడవతలే మోగాలా? వీణ తీగ నాకే వినపడటం లేదు, ఇంక పిల్లలకేం వినపడుతుంది?" అని వీణ టీచరుగారు ఆఫీసు గుమ్మంలో నిలబడితే జవాబు ఉండదు. నాదస్వరం, డోలు ఎప్పుడూ ఆవరణ చివరి గదికే వెళ్లాలి. మృదంగం వాటికి ఇవతల. వీణ అన్నిటికంటే నిశ్శబ్దమైన గదికి, వీధి వైపు కిటికీ లేనిదానికి. నాట్యం మేడ మీద పెడితే కింద గదిలో గాత్రం పెట్టకూడదు. పాతికమంది ఒక్కసారి అడుగు వేస్తే కిందవాళ్ల తాళం అదే అయిపోతుంది. నాట్యం కింద, నేల మీదే ఉండాలి. బండరాతి మీదా సిమెంటు మీదా రోజూ ఆడితే మోకాళ్లు పోతాయని మాస్టార్లు మొత్తుకునేవాళ్లు. చెక్క నేల కోసం పెట్టిన ప్రతిపాదనలు మాత్రం ఫైళ్లలో లావెక్కేవి.

ఇంతకంటే సూక్ష్మమైనది గాత్రం గదుల సంగతి. శ్రుతి అంటే పాటకు ఆధారమైన స్వరం ఎత్తు, దాన్ని అంకెలతో చెబుతారు. మగపిల్లలు ఒకటో శ్రుతికి అటూ ఇటూ పాడతారు, ఆడపిల్లలు అయిదు, అయిదున్నరకు. గోడ ఒకటే అయిన రెండు గదుల్లో ఒకచోట అయిదు, ఇంకోచోట అయిదున్నర మోగుతుంటే రెండు తరగతుల్లోనూ కొత్త పిల్లలు జారిపోతారు. అందుకని పక్కపక్క గదులకు ఒకే శ్రుతి తరగతులు పడేలా వేస్తే సగం ఫిర్యాదులు రావు. మధ్యలో థియరీ తరగతి ఒకటి పడితే ఇంకా మంచిది, గోడ మందం రెట్టింపయినట్టే.

ఇక వాద్యాల స్టాకు. ఈ పని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. కుర్చీ, బల్ల, బీరువా రిజిస్టరులో ఎక్కిస్తే పాతికేళ్లు అలాగే ఉంటాయి. వాద్యం అలా ఉండదు. ఎండకొక రకం, వానకొక రకం.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే వీణ పనసకర్రది. కుండ (గుండ్రటి భాగం), దండి (పొడుగు మెడ) ఒకే దుంగలో తొలిస్తే ఏకాండి వీణ, విడివిడిగా చేసి కలిపితే అతుకు వీణ. రెంటికీ ధరలో చాలా తేడా. ఇండెంటులో "వీణ – 2" అని రాసి ఊరుకుంటే కొటేషన్లలో ఒకాయన ఏకాండికీ, ఇంకొకాయన అతుకు వీణకూ ధర రాసి పంపుతారు. తక్కువ ధరకే ఇవ్వాలనే రూలు ప్రకారం ఆర్డరు అతుకు వీణకు వెళ్లిపోతుంది. కర్ర రకం, ఏకాండి అవునా కాదా, మెట్లు 24, తీగలు వాయించేవి నాలుగు, తాళానికి మూడు, కింది బుర్ర సొరకాయదా ఫైబరుదా, పెట్టెతో సహానా కాదా, ఇవన్నీ ఇండెంటులోనే రాయాలి. పెట్టె మాట మర్చిపోతే బస్సు మీద వేసుకొచ్చేటప్పుడు బుర్ర పగులుతుంది.

వీణకు పెద్ద శత్రువు మే నెల. మెట్లు కూర్చుండేది మసి కలిపిన మైనం మీద. రేకుల కప్పు కింద, పడమటి కిటికీ పక్కన వీణ పెట్టి వేసవి సెలవులకు తాళం వేసుకుపోతే, జూన్‌లో తెరిచేసరికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోయి ఉంటాయి. అప్పుడు మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించాలి. పాత మైనం గీకి, కరిగించి, మసి చేర్చి, రెండు వరసలు పోసి, ఒక్కో మెట్టునూ స్వరం వింటూ గుచ్చాలి. కట్టేవాడు వచ్చినా సరే, పక్కన వీణ టీచరు చెవి ఒగ్గి కూర్చోవలసిందే. మెట్టు గింజంత జరిగితే గాంధారం గాంధారంలా ఉండదు. ఆ మనిషి వచ్చే రోజు టీచరుగారికి సెలవు లేకుండా చూసుకోవడం ఆఫీసు పని. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, కట్టేవాడు ఒకసారి వెళ్లిపోయాడంటే మళ్లీ దొరికేది దసరాకే.

మృదంగం ఇంకో కథ. దీనికీ "మృదంగం – 1" అని రాయకూడదు. ఆడపిల్లల పాటకు హెచ్చు శ్రుతి మృదంగం కావాలి, అది 22 అంగుళాల చిన్నది. మగవాళ్లకు తగ్గు శ్రుతిది, 24 అంగుళాలు. పెద్దదాన్ని గుండ్రాయితో కొట్టి కొట్టి అయిదున్నరకు ఎక్కిద్దామంటే మూత చిరుగుతుంది. కుడి మూత మీది నల్లటి కరణి అన్నంలో రాతిపొడి కలిపి పొరపొరలుగా వేసింది. వానాకాలం చెమ్మకు అది పెళ్లలుగా లేస్తుంది. ఎడమ మూతకు వాయించే ముందు బొంబాయి రవ్వ తడిపి అద్దుతారు. తరగతి అయ్యాక ఆ రవ్వ గీకి తుడవాలి. తుడవకుండా వదిలేస్తే తోలు పులుస్తుంది, రాత్రికి బొద్దింకలు, ఆ తర్వాత ఎలుకలు. ఎలుక రవ్వతో ఆగదు, తోలూ కొరుకుతుంది. అందుకే నెలనెలా రాసే ఖర్చుల్లో రవ్వకంటే ముందు ఒక కొబ్బరి పీచు, పాతగుడ్డ రాసే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉండేది. మూతలు వేయించడానికి ఒక్క వాద్యాన్నే పంపడం దండగ. మూడు నాలుగు పోగయ్యాక పంపాలి, కానీ అన్నీ ఒకేసారి పంపితే తరగతి ఆగిపోతుంది. ఒకటెప్పుడూ మూతలు వేసి సిద్ధంగా ఉండాలి.

సెలవుల్లో తంబురా తీగలు బాగా వదులు చేసి పెడతారు. అదే పని వయొలిన్‌కు చేయకూడదు. నాలుగు తీగలూ పూర్తిగా వదిలేస్తే వాటిని మోసే గుర్రం పడిపోతుంది, లోపల నిలబెట్టిన పుల్ల కూడా పడిపోతుంది. దాన్ని ఎఫ్ ఆకారపు కంతలోంచి వంపు ఇనప కడ్డీతో నిలబెట్టడం తెలిసినవాళ్లు ఊరికి ఒకరుంటే గొప్ప. కొంచెం దించి ఊరుకోవాలి. వాయించే కమాను మాత్రం పూర్తిగా సడలించాలి, లేకపోతే కర్ర వంగుతుంది. వానాకాలంలో తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి, ఎండాకాలంలో జారిపోతాయి. జారేవాటికి సుద్దముక్క రుద్దితే చాలు. ఆఫీసులో సుద్దముక్కల లెక్క ఎందుకంత ఎక్కువ చూపిస్తున్నారని అడిగిన ఆడిటర్లు లేకపోలేదు.

స్టాకు నంబరు ఎక్కడ వేయాలన్నది కూడా తెలిసి చేయాలి. ఎనామిల్ రంగుతో వీణ పైపలక మీద వేసేస్తే నాదం మందగిస్తుంది, చూడటానికీ అసహ్యం. కుండ వెనక వైపు, కింద ఆనే చోటుకు పైన, చిన్నగా వేయాలి. మృదంగానికి వార్ల మధ్య కర్ర మీద. వయొలిన్‌కు వాద్యం మీద అసలు వద్దు, పెట్టె మీద ఒకటి, లోపల చీటీ ఒకటి. పెట్టెలు తారుమారవుతాయని అంటారు. అవుతాయి. అందుకే చీటీ. గజ్జెలు జతల్లో లెక్కపెడితే లెక్క సరిపోతూనే ఉంటుంది, మువ్వలు మాత్రం ఏటేటా రాలిపోతుంటాయి. జతతో పాటు తూకం కూడా రాసుకున్న రిజిస్టరే రిజిస్టరు. నాట్యానికి వేసే నట్టువాంగం తాళాల్లో ఒకటి ఇనుము, ఒకటి ఇత్తడి. ఇత్తడిది పోయి, దానికి బదులు రెండో ఇనుముది పెట్టి జత సరిపోయిందనిపించుకోవడం ఎక్కడైనా జరిగేదే. తీగలు, కమానుకు రుద్దే రోజిన్, నాదస్వరం పీకలు అరిగిపోయే సరుకులు. వాటికి వేరే రిజిస్టరు, ఎవరికి ఎన్ని ఇచ్చామో సంతకంతో.

ఏడాదికోసారి మార్చి 31 లోపు అన్నీ సరిచూడాలి. పనికిరానివి కండెమ్ చేయాలంటే కమిటీ, రిపోర్టు, ఆ తర్వాత వేలం. దండి విరిగిన వీణను వేలంలో కట్టెల కింద కట్టేస్తారు. కండెమ్ రిపోర్టు రాసేటప్పుడే బిరడాలు, మెట్లు, గుర్రం తీసి మరమ్మతు సామాను కింద వేరే ఎక్కించమని పెద్ద గుమస్తాలు చెప్పేవాళ్లు. పాత కంచుమెట్లు ఇంకో వీణకు పనికొస్తాయి. ఈ మాట ఏ మాన్యువల్లోనూ లేదు, కానీ సరైన మాట.

ప్రశ్నపత్రాల కాలం వస్తే టైపిస్టు గది తలుపు మూసేవాళ్లు. అప్పట్లో తెలుగు టైపు మిషను, స్టెన్సిల్ అనే మైనపు కాగితం, దాంతో కాపీలు తీసే సైక్లోస్టైల్. మాటల వరకు గొడవ లేదు. స్వరం రాసేటప్పుడు వచ్చేది తంటా. తారస్థాయి (హెచ్చు) స్వరానికి పైన చుక్క, మంద్రానికి (తగ్గు) కింద చుక్క. కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, స్వరాల మీద ఒక గీత, మూడో కాలానికి రెండు. మిషను మీద పై చుక్క లేదు, పై గీత అంతకంటే లేదు. స్టెన్సిల్ మీద స్టైలస్‌తో చేత్తో పెట్టుకోవాలి. "రి", "ని" మీద గుడి ఉంటుంది కాబట్టి చుక్క ఇంకాస్త పైకి జరపాలి. "ధ" కింద అసలే ఓ ఒత్తు వేలాడుతుంటుంది, మంద్రపు చుక్క దాని కిందికి పోవాలి, లేకపోతే రెండూ కలిసి మచ్చ అవుతాయి. అందుకే తెలిసిన టైపిస్టులు "ధ" మానేసి "ద" కొట్టేవాళ్లు. స్టైలస్ గట్టిగా నొక్కితే మైనపు కాగితం చిల్లి పడి, అచ్చులో చుక్క బఠాణీ గింజంత అవుతుంది. మెల్లగా నొక్కితే చుక్కే పడదు. పిల్లవాడు మంద్ర నిషాదాన్ని మధ్యస్థాయిలో చదువుకుంటాడు. తప్పు పడితే ఆ ఎర్రటి దిద్దుడు ద్రవం పూసి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టాలి. ఆరకముందే కొడితే టైపు అచ్చుకు అంటుకుని తర్వాతి పది అక్షరాలు పూడుకుపోతాయి. వర్ణం అనే రకం పాట ఒక్కదానికి స్వరలిపి రాయమనే ప్రశ్న, చరణంతో సహా, ఒక పూట పట్టేది. సైక్లోస్టైల్ తీసే ముందు మొదటి కాపీ గాత్రం మాస్టారితో పాడించి చూడటం ఉత్తమం. కంటికి దొరకని తప్పు గొంతుకు దొరుకుతుంది. పని అయ్యాక స్టెన్సిలు, చెడిన కాపీలు అన్నీ ఎదురుగా తగలబెట్టాలి. కంప్యూటర్లు వచ్చాక ఈ బాధ పోతుందనుకున్నారు. ఫాంటు మారితే చుక్కలన్నీ పక్క అక్షరం మీదికి జరుగుతాయని అప్పుడు తెలిసింది.

ప్రాక్టికల్ పరీక్షకు హాల్‌టికెట్ నంబరు వరసనే పిలవాలని రాసి ఉంటుంది. డిప్లొమాకు పక్కవాద్యాలతో పాడించే రోజున అలా పిలిస్తే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మళ్లీ ఒక అబ్బాయి. ప్రతిసారీ వయొలిన్ శ్రుతి మార్చాలి, మృదంగం మార్చాలి. పరీక్షకంటే శ్రుతి కలపడానికే ఎక్కువ సేపు పోతుంది, సాయంత్రానికి ఎగ్జామినర్లకు ఓపిక ఉండదు. మార్కుల మీద పడేది ఆ అలసటే. చీఫ్ సూపరింటెండెంటు గారితో ముందే చెప్పి, ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) రాయించి, పొద్దున ఒక శ్రుతివాళ్లు, మధ్యాహ్నం ఇంకో శ్రుతివాళ్లు అని రెండు బ్యాచీలు చేసి, ఒక్కో బ్యాచీలో నంబరు వరస పాటిస్తే నియమమూ నిలుస్తుంది, పనీ అవుతుంది. నోటీసు బోర్డులో మాత్రం వారం ముందే పెట్టాలి. లేకపోతే 1వ నంబరు పిల్ల పొద్దున్నే వచ్చి, ఏమీ తినకుండా గొంతు కాపాడుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరుకు ప్రయాణభత్యం బిల్లు. రైలు దిగగానే టికెట్ గేటులో ఇచ్చేయడం ఆ రోజుల్లో అలవాటు. బిల్లుకు కావలసింది టికెట్ నంబరు. స్టేషనుకు వెళ్లే అటెండరుకు చెప్పి పంపాలి, "అయ్యా, టికెట్ నంబరు ఇలా చెప్పండి" అని ప్లాట్‌ఫారం మీదే చీటీ మీద రాసుకురమ్మని. కచేరీకో ప్రసంగానికో పిలిచిన విద్వాంసుల విషయంలోనూ ఇదే. రశీదు మీద సంతకం, రెవెన్యూ స్టాంపు అన్నీ వేదిక ఎక్కే ముందే కాఫీ ఇచ్చేటప్పుడు సిద్ధం చేసుకోవాలి. కచేరీ అయ్యాక చుట్టూ జనం, దండలు, శిష్యులు. ఆయన కారెక్కాక కాగితం పట్టుకుని పరిగెత్తడం ఆయనకూ బాగోదు, మనకూ బాగోదు.

త్యాగరాజ ఆరాధన ఉత్సవం పుష్య బహుళ పంచమికి. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, జనవరిలో పడటం ఎక్కువ. బిల్లులకు అది మంచి కాలం, మార్చి రద్దీకి ముందే తేలిపోతాయి. ఆయన పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడేటప్పుడు ఏ శ్రుతికి పాడాలో ముందే తేల్చి బోర్డు మీద రాయకపోతే మొదటిదైన నాట రాగం కీర్తన మొదలెట్టగానే తెలిసిపోతుంది. మైకులు ముందు వరసలో నలుగురైదుగురికే. మృదంగాలు ఎన్ని వచ్చినా రెంటికి మించి మైకు పెట్టకూడదు. తంబురాకు మాత్రం వేరే ఒకటి, సన్నగా. సౌండువాడికి ఇది ఎప్పుడూ నచ్చదు.

డబ్బు సంగతి ఒక్క మాటలో. జీతాలు, ఖర్చులు పోయే పద్దు 2205, కళలు-సంస్కృతి. దాని కింద 101, లలితకళల విద్య. అలవాటు కొద్దీ కొత్తవాళ్లు 2202 వేస్తారు, అది సాధారణ విద్య. ట్రెజరీ నుంచి బిల్లు తిరిగొస్తుంది, నెల జీతం ఆగుతుంది. ఫీజుల చలానాకు 0202. చిక్కేమిటంటే వాద్యం చేసేవాడికి పనస దుంగ కొనడానికి ముందే డబ్బు కావాలి, ప్రభుత్వం సరుకు చేరాక గానీ ఇవ్వదు. ఫిబ్రవరిలో ఆర్డరిచ్చి మార్చిలో తెమ్మంటే పచ్చి కర్రతో చేసింది వస్తుంది, రెండేళ్లకు వంకర తిరుగుతుంది. ఆగస్టులోనే కొటేషన్లు పిలవాలి.

చివరిది, అన్నిటికంటే ఎక్కువ ఉత్తరాలు తెచ్చిపెట్టేది: పేరు. పదేళ్ల పిల్లను చేర్చేటప్పుడు పదో తరగతి మెమో ఉండదు. తండ్రి నోటితో చెప్పిన పేరు అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఇంట్లో పిలిచే పేరో, ఇంటిపేరు లేకుండానో. అదే హాజరుపట్టీకీ, పరీక్షకు పంపే పేర్ల పట్టీ అయిన నామినల్ రోల్సుకూ, సర్టిఫికెట్‌కూ ప్రయాణం చేస్తుంది. పిల్ల పెరిగి సంగీతం టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాక, టెన్త్ మెమోలో ఒక పేరు, సంగీతం డిప్లొమాలో ఇంకో పేరు. చేరేరోజే పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి తండ్రి సంతకం తీసుకోవాలి. సర్టిఫికెట్ నాలుగో ఏడు నామినల్ రోల్స్ పంపేముందు, అప్పటికి మెమో వచ్చి ఉంటే, దానితో మరోసారి సరిచూడాలి. పాత సర్టిఫికెట్ నకలుకో సవరణకో ఇప్పుడు రాసేవాళ్లు ఊరికే పేరు రాసి పంపితే పని జరగదు. పరీక్ష రాసిన ఏడు, నెల, హాల్‌టికెట్ నంబరు, ఏ సబ్జెక్టు, సర్టిఫికెట్టా డిప్లొమానా, పొద్దుటి తరగతా సాయంత్రపుదా రాయండి. హాల్‌టికెట్ నంబరు గుర్తు లేకపోతే మీతో పాటు రాసినవాళ్లలో ఎవరిదైనా ఒకటి కనుక్కుని రాయండి. ఆ నంబరుకు అటూ ఇటూ నాలుగు పేజీలు తిరగేస్తే మీ పేరు దొరుకుతుంది.